ఉడుము గుడ్లు పొదగడం తేలికే, పెట్టించడమే కష్టం

క్లుప్తంగా

బోనులో ఉడుముల సంతతి అనగానే అందరి చూపూ గుడ్లు పొదిగే పెట్టె మీదికే పోతుంది. అసలు చిక్కు అంతకు ముందే ఉంది. ఆడ ఉడుముకు చాలినంత వేడి, తవ్వుకోవడానికి తేమగల లోతైన మట్టి, ఒంటికి సరిపడే తిండి ఉంటే గుడ్లు చాలావరకు వాటంతట అవే వస్తాయి. అవి లేకపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి తల్లి ప్రాణానికే ముప్పు. పిల్లల పెంపకంలోనూ ఇవే మూడు విషయాలు ముందుకొస్తాయి, కాకపోతే చిన్న కొలతలో.

ఎక్కువ అమ్ముడయ్యేది ఒకటి, ఎక్కువ పిల్లలు పెట్టేది ఇంకొకటి

ఉడుముల్లో 80కి పైగా జాతులున్నాయి. ఆస్ట్రేలియాలోని పొట్టితోక ఉడుము తోకతో కలిపి జానెడు దాటితే గొప్ప, ఇండోనేసియా కొమోడో మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. ఇన్ని జాతుల్లో పెంపుడు జంతువుల వ్యాపారంలో దశాబ్దాలుగా లక్షల సంఖ్యలో చేతులు మారింది సవన్నా ఉడుము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి వేలెడు పిల్లలుగా విమానమెక్కి వస్తుంది. అయినా బోనులో దీని చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని చేసినవాళ్లు చాలా తక్కువ.

దీనికి పూర్తి వ్యతిరేకం ముళ్లతోక ఉడుము, పెంచేవాళ్ల భాషలో ఆకీ. ఇది ఆస్ట్రేలియా జీవి. ఆ దేశం తన సరీసృపాలను వ్యాపారం కోసం బయటికి పంపడం దశాబ్దాల కిందటే ఆపేసింది. కాబట్టి ఇతర దేశాల్లో ఇవాళ కనిపించే ఆకీల్లో దాదాపు అన్నీ ఎప్పుడో బయటికి వచ్చిన కొన్నిటికి తరాల తరబడి బోనులో పుట్టిన సంతతే. పిల్లలు కావాలంటే పుట్టించుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం సగం తేలిపోతుంది. సవన్నా ఉడుము జీవశాస్త్రం పరంగా మొండిదేమీ కాదు. ఒక ఈతలో, అంటే ఒక విడతలో, ఇరవై ముప్పై గుడ్లు పెట్టే జాతి అది. కానీ అడవి నుంచి, లేదా అక్కడ తవ్వి తెచ్చిన గుడ్ల నుంచి, గర్భంతో పట్టుకున్న ఆడవాటి నుంచి పిల్లలు చౌకగా వస్తూనే ఉంటే, గదంత పెట్టె కట్టి, దానిలో టన్నుల కొద్దీ మట్టి నింపి, ఏళ్లు ఓపిక పట్టి పిల్లల్ని చేసే పనికి ఎవరు దిగుతారు? దిగినా వాటిని అమ్ముకునే ధర ఆ ఖర్చులో మూలకు కూడా రాదు. ఆకీ విషయంలో ఈ అడ్డు లేదు. పైగా మనిషి చేయంత పొడవు, అందులో సగానికి పైగా తోకే, కాబట్టి కావాల్సిన చోటూ మట్టీ ఒక గదిలో సర్దుకునే మోతాదులోనే ఉంటాయి.

అంటే వ్యాపారం ఒక కారణం, శరీరం సైజు ఇంకో కారణం. మూడోది పెంపకం పద్ధతి. మిగిలిన వ్యాసమంతా దాని గురించే.

ముందు ఆడా మగా తేలాలి కదా

వినడానికి వింతగా ఉంటుంది కానీ, జత అనుకుని ఏళ్ల తరబడి కలిపి పెంచినవి చివరికి రెండూ మగవే అని తేలిన సందర్భాలు కొల్లలు. ఉడుముల్లో చాలా జాతులకు ఆడా మగా పైకి ఒకేలా ఉంటాయి. మగ ఉడుము తోక మొదట్లో లోపల దాగి ఉండే జంట జననాంగాలు బయటికి రావడం చూసి గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది, కానీ ఆడవాటికీ దాన్ని పోలిన చిన్న నిర్మాణాలు ఉండడంతో అది చాలామందిని బోల్తా కొట్టించింది. కొన్ని జాతుల్లో మగ అవయవంలో గట్టిపడిన ఎముకలాంటి భాగం ఎక్స్‌రేలో కనిపిస్తుంది, అదీ పెద్దయ్యాకే. స్కానింగ్‌లో అండాశయం కనిపిస్తే కొంత నమ్మకం.

నమ్మదగ్గ దారి డీఎన్ఏ పరీక్ష. ఉడుముల్లో ఆడా మగా అనేది క్రోమోజోముల్లోనే రాసి ఉంటుంది, కోళ్లలో లాగా: మగకు రెండు జెడ్‌లు, ఆడకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మొసళ్లలో, చాలా తాబేళ్లలో గుడ్డు పొదిగే వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది, ఉడుముల్లో ఆ పద్ధతి లేదు. అందుకే ‘ఒక డిగ్రీ పెంచితే ఆడపిల్లలు వస్తాయి’ లాంటి సలహాలను పట్టించుకోకపోవడమే మంచిది. వేడి పెంచితే వచ్చేది ఆడపిల్లలు కాదు, చచ్చిన పిండాలు.

మగ రెండయితే ఇంకో బాధ. వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లతో ఒకదాన్నొకటి పట్టుకుని కుస్తీ పడతాయి. అడవిలో ఓడినది పారిపోతుంది. పెట్టెలో పారిపోయే చోటుండదు, ఓడినది మూలకు చేరి తిండి మానేసి చిక్కిపోతుంది. జత కలవాల్సిన ఆడామగల మధ్యా ఇలాగే జరగొచ్చు కాబట్టి దాక్కునే చోట్ల సంఖ్య జంతువుల సంఖ్యకన్నా ఎక్కువ ఉండాలి.

యాభై డిగ్రీల ఎండ ఎందుకు?

కొత్తవాళ్లను ఎక్కువగా భయపెట్టే అంకె ఇదే. ఎండ కాచుకునే చోట ఉపరితలం వేడి 50 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండాలని అనుభవం ఉన్న పెంపకందారులు చెబుతారు. మనిషి చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. మరి ఉడుము మాడిపోదా?

మాడిపోదు, ఎందుకంటే అది అక్కడ కాపురం పెట్టదు. చాలా జాతులు చురుగ్గా ఉన్నప్పుడు ఒంటి వేడిని 35 నుంచి 38 డిగ్రీల మధ్య నిలుపుకుంటాయి. బాగా కాగిన రాయి మీద కొన్ని నిమిషాలుంటే ఆ వేడి చేరిపోతుంది, తర్వాత లేచి వేటకు పోతుంది, చల్లబడితే మళ్లీ వస్తుంది. ఆ రాయి 38 డిగ్రీలే ఉంటే ఒళ్లు ఆ వేడికి చేరడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి అసలు చేరదు. నీళ్లు 40 డిగ్రీలున్న పాత్రలో చల్లని ముద్దను వేస్తే అది 40కి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచిస్తే చాలు. రోజంతా దీపం కింద పడుకుని కదలని ఉడుమును చూసి ‘ఎంత సాధువో’ అనుకుంటారు కానీ, చాలాసార్లు అది వేడి చాలక అలా పడి ఉంటుంది.

ఉడుములు బల్లి జాతుల్లో ప్రత్యేకమైనవి కూడా. పరుగెత్తేటప్పుడు చాలా బల్లులకు ఊపిరి సరిగా అందదు, ఒళ్లు పక్కలకు మెలితిరుగుతూ ఉంటే పక్కటెముకల కండరాలు రెండు పనులూ ఒకేసారి చేయలేవు. ఉడుము గొంతును పంపులా వాడి గాలిని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది, దీన్ని 1999లో పరిశోధకులు చూపించారు. అంత శక్తి ఖర్చు పెట్టే ఒంటికి అరిగించుకోవడానికి, గుడ్లలో పచ్చసొన కూర్చడానికి వేడి కావాలి. అండాల తయారీ వేడి మీద ఆధారపడిన పని కాబట్టి, వేడి తక్కువైన చోట ఆడ ఉడుము బతుకుతుంది, తింటుంది, లావెక్కుతుంది, గుడ్లు మాత్రం పెట్టదు.

ఇక్కడ ఒక్క దీపం పనికిరాకపోవడానికీ కారణముంది. పెద్ద ఉడుము వీపు మీద ఒకే బల్బు వెలుగు పడితే ఆ చోట చర్మం కాలుతుంది, తోకా కాళ్లూ చల్లగానే ఉంటాయి. అది ఒళ్లు వేడెక్కలేదని అక్కడే కూర్చుంటుంది, కాలిన గాయం ఇంకా పెరుగుతుంది. తక్కువ వాట్ల హాలోజన్ బల్బులు మూడు నాలుగు వరసగా పెడితే ఒళ్లంతా ఒకేసారి కాగుతుంది. అమెరికాలో ఉడుముల పెంపకంలో పేరున్న ఫ్రాంక్ రీటెస్ పేరు మీద ‘రీటెస్ స్టాక్’ అనే ఏర్పాటు ఒకటి బాగా పాకింది: చెక్క పలకల్ని మధ్యలో సందు వదిలి ఒకదాని మీద ఒకటి పేర్చి పైన దీపం పెడతారు. పై పలక మీద మంట, కింది సందుల్లో ఒక్కో అంతస్తుకూ వేడి తగ్గుతూ పోతుంది. భయపడి దాక్కోవాలన్నా, వేడి కావాలన్నా రెంటికీ అదే చోటు. బిడియం ఎక్కువున్న జంతువు వేడి కోసం బయటపడక్కర్లేదు, అదే దీని గొప్ప.

మట్టి లేకపోతే గుడ్లు లేవు

ఉత్తర పశ్చిమ ఆస్ట్రేలియాలో పసుపు మచ్చల ఉడుము గూళ్లను పరిశోధకులు తవ్వి చూశారు. ముందు ఏటవాలుగా దిగే సొరంగం, అక్కడి నుంచి స్క్రూ మరలా మెలికలు తిరుగుతూ కిందికి కిందికి పోయి, రెండు మూడు మీటర్ల లోతున గుడ్లు కనిపించాయి. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత లోతున గుడ్లు పెట్టేవి చాలా అరుదు. అక్కడ నెలల తరబడి వాన ఉండదు, పైనున్న మట్టి ఎండి పొడవుతుంది, ఆ లోతులో మాత్రం తేమ నిలిచి ఉంటుంది, ఉష్ణోగ్రత పెద్దగా మారదు. ఎనిమిది నెలల పాటు గుడ్డు ఎండిపోకుండా ఉండాలంటే తల్లి చేయగలిగింది అదొక్కటే.

ఇంకొన్ని జాతులు అంత శ్రమ పడవు. ఆస్ట్రేలియాలోని లేస్ ఉడుము, రోసెన్‌బర్గ్ ఉడుము, ఆఫ్రికా నైలు ఉడుము లాంటివి చెదల పుట్టను పగలగొట్టి లోపల గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. చెదలు ఆ బొక్కను మళ్లీ పూడ్చేస్తాయి. లోపల దాదాపు 30 డిగ్రీల దగ్గర నిలకడైన వేడి, గాలిలో నిండుగా తేమ. చలికాలం బయట గడ్డకట్టినా గుడ్లకు పట్టదు. పుట్టలో పాముంటుందని వింటూ పెరిగాం కానీ, ఉడుము పిల్లలకు దాన్ని మించిన ఇంక్యుబేటర్ లేదు. లేస్ ఉడుము తల్లి నెలల తర్వాత తిరిగి వచ్చి, పుట్టను తవ్వి పిల్లలు బయటపడేలా చేయడాన్ని కూడా చూసినవాళ్లున్నారు.

లోతు మట్టి అయినా, పుట్ట అయినా, ఆడ ఉడుము వెతికేది ఒకటే: వెచ్చగా ఉండాలి, తడి ఉండాలి, తవ్వితే కూలకూడదు. బోనులో రెండంగుళాల ఇసుకో, చెక్క పొట్టో, పాత కాగితమో పరిచి ఉంటే ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

తర్వాత ఏం జరుగుతుందన్నది కొంచెం వివరంగా చూడాలి, చాలా ఆడ ఉడుములు చనిపోయేది ఈ దశలోనే. జత కలిసిన మూడు నుంచి ఐదు వారాలకు ఆకీ లాంటి జాతుల్లో గుడ్లు దిగాలి. కడుపుతో ఉన్నప్పుడు విపరీతంగా తింటుంది, చివరి రోజుల్లో తిండి తగ్గించి తవ్వడం మొదలెడుతుంది. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం తవ్వి ముక్కు పెట్టి చూస్తుంది. నచ్చితే లోపలికి పోయి గుడ్లు పెట్టి, పైన మట్టి కప్పి, సొరంగం ఆనవాలు లేకుండా చదును చేసి వస్తుంది. నచ్చకపోతే ఆపుకుంటుంది. ఆపుకున్న కొద్దీ గుడ్డు పెంకు మీద సున్నం పొర పెరుగుతుంది, ఒకదానికొకటి అతుక్కుంటాయి, తర్వాత పెట్టాలన్నా దిగవు. కొన్నిసార్లు పెంకు ఏర్పడే దాకా కూడా పోకుండా అండాలు అండాశయంలోనే నిలిచి కుళ్లిపోతాయి, పచ్చసొన కడుపులోకి కారి పొట్ట పొరలకు వాపు వస్తుంది. అప్పుడు దిక్కు శస్త్రచికిత్స ఒక్కటే, దానితో బతికినా చాలాసార్లు అండాశయాలు తీసేయాల్సి వస్తుంది. జత కోసం ఏళ్లు వెతికిన పని మొదటికొచ్చినట్టే.

కొంతమందికి ఉపాయం తెలిసినట్టే ఉంటుంది, ఒక డబ్బాలో మట్టి పోసి మూలన పెడతారు. డబ్బా పెట్టడం తప్పు కాదు, కానీ అది గది చలికి చల్లగా ఉంటుంది. మట్టిలో 28 నుంచి 31 డిగ్రీల మధ్య వేడి లేకపోతే ఉడుము దాన్ని గూడుగా లెక్కచేయదు. ఆకీకి ఒకటి రెండు అడుగుల మందం మట్టి చాలు. సవన్నా ఉడుముకు రెండడుగులు కనీసం, పెట్టె ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఇసుక ఒక్కటే పోస్తే ఎండగానే కూలుతుంది, బంకమట్టి ఒక్కటే అయితే రాయవుతుంది. ఇసుక కలిసిన గరపమట్టిని గుప్పిట్లో పిసికితే ముద్దగా నిలవాలి, నీళ్లు కారకూడదు. ఈ మందం బరువును మామూలు అద్దాల తొట్టి మోయలేదు కాబట్టే చాలామంది మట్టి దగ్గర రాజీ పడతారు, అక్కడితో గుడ్ల సంగతి ముగుస్తుంది.

అద్దాల తొట్టితో మరో తంటా. పైన జాలీ మూత, దాని మీద దీపం. కాగిన గాలి పైకి లేచి జాలీ గుండా పోతుంది, పోతూ పోతూ తేమను కూడా లాక్కుపోతుంది, అచ్చం పొగగొట్టం పనిచేసినట్టు. ‘సవన్నా’ అనే పేరు చూసి ఎండు నేల జీవి అనుకుని తొట్టిని ఇంకా ఎండబెడతారు. నిజానికి అది వేడి వేళల్లో తేమగా ఉండే బొరియల్లో గడిపే జంతువు. నెలల తరబడి ఒంట్లో నీరు తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, కీళ్లలో యూరిక్ ఆమ్లం గడ్డకడుతుంది.

లావెక్కిన ఆడ ఉడుము

ఘనాలో సవన్నా ఉడుములు ఏం తింటున్నాయో చూసిన క్షేత్ర పరిశీలనల్లో రోకలిబండలు, ఇలకోళ్లు, మిడతలు, పేడపురుగులు, తేళ్లు, నత్తలు, ఈ వరసే కనిపించింది. ఎలుకలు లెక్కలోకి వచ్చేంత లేవు. బోనులో మాత్రం ఎలుక పిల్లలు సులువుగా దొరుకుతాయని వాటితోనే మేపుతారు. పురుగులు వెతుక్కుంటూ మైళ్లు తిరగడానికి చేసిన ఒళ్లు, తిరగకుండా కొవ్వు తింటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పొట్టలో కొవ్వు దిండ్లు పేరుకుంటాయి, కాలేయం చెడుతుంది, అండాలకు చోటూ ఉండదు, ఆరోగ్యమూ ఉండదు. పైకి బొద్దుగా ఉండడంతో ‘కడుపుతో ఉందేమో’ అని నెలల తరబడి ఎదురుచూసే యజమానులూ ఉన్నారు.

అన్ని జాతులకూ ఇదే వర్తించదు. నీటి ఉడుము, కొమోడో లాంటివి మాంసం తినేవే. చిన్న ఆస్ట్రేలియా జాతులు పురుగుల మీద బతుకుతాయి, అప్పుడప్పుడు చిన్న బల్లిని పడతాయి.

పొదిగే పెట్టె: నిజానికి ఇది తేలిక భాగం

గుడ్లు దొరికాక పని చాలావరకు కొలతల ప్రకారం నడుస్తుంది. ఉడుము గుడ్డు పెంకు కోడిగుడ్డులా పెళుసు కాదు, తోలులా మెత్తగా ఉండి చుట్టూ ఉన్న తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, బరువూ పెరుగుతుంది. తడిని పట్టి ఉంచే ఖనిజ రేణువులైన వర్మిక్యులైట్‌లో గానీ పెర్లైట్‌లో గానీ దాని బరువుకు దాదాపు సమానంగా నీళ్లు కలిపి, గుడ్డును సగం దాకా పాతి, 28 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంచడం మామూలు పద్ధతి. గూట్లో ఏ వైపు పైన ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. పెట్టిన తొలి రోజుల్లోనే పిండం పైపొరకు అతుక్కుంటుంది, తర్వాత గుడ్డును తలకిందులు చేస్తే అది చనిపోవచ్చు. కోడి గుడ్లను తిప్పుతుంది కాబట్టి వీటినీ తిప్పాలనుకోవడం పెద్ద పొరపాటు.

వారానికోసారి మూత తీసి గాలి మార్చాలి, ముఖ్యంగా చివరి వారాల్లో. పెద్దదైన పిండం ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది, గాలి చొరని డబ్బాలో నెలల పాటు బాగున్న గుడ్లు సరిగ్గా చివర్లో చచ్చేది ఇందుకే.

కాలం జాతిని బట్టి మారుతుంది. ఆకీకి మూడు నాలుగు నెలలు, సవన్నాకు ఐదారు నెలలు, కొమోడోకు ఏడెనిమిది నెలలు. ఒకే ఈతలో గుడ్లు కూడా కొన్నిసార్లు వారాల తేడాతో పగులుతాయి. వేడి పెంచితే తొందరగా పగులుతాయన్నది నిజమే, కానీ 32 దాటిన కొద్దీ అవకరాలు, పుట్టకముందే చావులు పెరుగుతాయి. ఒక డిగ్రీ తక్కువున్నా ఆలస్యమే తప్ప పెద్ద నష్టం లేదు. అటు వైపే పొరపాటు చేయడం నయం.

మగ లేకుండానే పుట్టిన కొమోడోలు

2006లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమోడో ఆడది మగ ముఖం చూడకుండానే గుడ్లు పెట్టింది, వాటిలో పిల్లలు పెరిగాయి. అదే ఏడు లండన్ జూలో సుంగై అనే ఇంకోదాని విషయంలోనూ డీఎన్ఏ పరీక్ష ఇదే చెప్పింది. ఆ లండన్ ఆడది తర్వాత మగతో కలిసి మామూలు పద్ధతిలోనూ పిల్లల్ని కన్నది.

ఈ పిల్లలన్నీ మగవే కావడానికి కారణం పైన చెప్పిన క్రోమోజోముల్లోనే ఉంది. తల్లి దగ్గర ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మగ కణం లేకుండా తల్లి సగమే రెట్టింపై పిండం అయితే అది రెండు జెడ్‌లు గానీ రెండు డబ్ల్యూలు గానీ అవుతుంది. రెండు డబ్ల్యూలు ఉన్నది బతకదు. మిగిలేది రెండు జెడ్‌లున్న మగ. ఎవరూ లేని దీవికి కొట్టుకుపోయిన ఒంటరి ఆడది తనకు తానే మగను కని జాతిని నిలబెట్టుకునే దారి ఇది కావచ్చని ఒక ఊహ.

పెంపకందారుడి వైపు నుంచి చూస్తే ఇందులో తీసుకోవాల్సినవి రెండు. ఒకటి, ఒంటరి ఆడ ఉడుము గుడ్లు పెట్టిందంటే వెంటనే పారేయకూడదు. రెండు, ఒంటరి ఆడదానికీ గూటి మట్టి కావాలి. మగ లేదు కదా, గుడ్లెక్కడివని మట్టి పెట్టకపోతే గుడ్లు కడుపులో నిలిచిపోయే ప్రమాదం అంతే ఉంటుంది. అయితే జన్యువుల్లో వైవిధ్యం బాగా తగ్గిపోయే ఈ పిల్లలతో సంతతి నడపడం మాత్రం జూలు కోరుకునేది కాదు.

పిల్లలు: మొదటి ఆరు నెలలు

గుడ్డు పగిలే ముందు చెమటపట్టినట్టు తడి బొట్లు కనిపిస్తాయి, తర్వాత కొంచెం నొక్కుకుపోతుంది. పిల్ల ముక్కు చివర ఉండే చిన్న పన్నుతో పెంకును చీల్చి తల బయట పెట్టి, ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు అలాగే ఉండిపోతుంది. లోపల మిగిలిన పచ్చసొన పొట్టలోకి చేరుతున్న సమయమది. ఓపిక లేక లాగితే ఆ సంచి చిరుగుతుంది. తొందరపాటుతో పోయే పిల్లలు చాలా ఉన్నాయి, ఆకలితో పోయేవి ఆ దశలో దాదాపు ఉండవు. బయటికొచ్చాక కూడా రెండు మూడు రోజులు తిండి ముట్టకపోవచ్చు, కడుపులో ఉన్న సొనే చాలు.

తొలి రోజులు తడి కాగితం పరిచిన చిన్న డబ్బాలో ఉంచి, బొడ్డు మూసుకున్నాక మట్టి ఉన్న పెట్టెకు మారుస్తారు. ఇక్కడే అందరూ ఒక లెక్క తప్పుతారు. పిల్ల చిన్నది కాబట్టి వేడీ తక్కువ చాలనుకుంటారు. దానికీ పెద్దవాటి వేడే కావాలి. మరి చిన్న డబ్బాలో 50 డిగ్రీల దీపం పెడితే డబ్బా మొత్తం కాగిపోయి పారిపోవడానికి చల్లని మూల ఉండదు. అందుకే చిన్న పిల్లకు చిన్న డబ్బా అనే తర్కం ఉడుముల్లో పనిచేయదు. ఒక వైపు మంట, ఇంకో వైపు 25 డిగ్రీలు ఉండాలంటే కనీసం మూడడుగుల పొడవు కావాలి, దానిలో బెరడు ముక్కలు, బొరియలు, ఆకులు నిండుగా ఉండాలి. ఖాళీ పెట్టెలో పిల్ల రోజంతా దాక్కునే ఉంటుంది. ఘనాలో సవన్నా పిల్లలు ఇలకోళ్లు తవ్విన బొరియల్లో ఉంటాయి. ఇంటి యజమానిని తిని ఇల్లు ఆక్రమించడం అన్నమాట.

తిండి రోజూ పెట్టాలి. చిన్న ఇలకోళ్లు, బొద్దింకలు, తలకాయ వెడల్పుకు మించనివి. ఈ పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ కాబట్టి పెట్టే ముందు కాల్షియం పొడిలో దొర్లించాలి, పురుగులకు కూడా ముందు రోజు మంచి మేత పెట్టాలి. కాల్షియం ఒంటబట్టడానికి విటమిన్ డీ3 కావాలి, దానికి ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీ-బీ దీపం. ఉడుములకు యూవీ అక్కర్లేదని వాదించేవాళ్లున్నారు. ఎలుకల్లాంటి పూర్తి జంతువును తినే పెద్ద ఉడుముకు తిండిలోంచి డీ3 అందుతుంది, కాబట్టి వాదనలో కొంత నిజముంది. పురుగులు మాత్రమే తినే, రోజురోజుకూ ఎముక పెరిగే పిల్ల విషయంలో ఆ వాదన నిలబడదు. ఎముకలు మెత్తబడి, దవడ వాచి, వేళ్లు వణకడం మొదలయ్యాక సరిచేయడం కష్టం.

పిల్లల్ని కలిపి పెంచాలా, విడిగానా అన్నది తెగని చర్చ. కలిపి పెంచితే ఒకదాన్ని చూసి ఒకటి తింటాయి, భయం తగ్గుతుంది, చిన్నప్పటి నుంచి కలిసి ఉన్నవి తర్వాత జతగా సర్దుకుంటాయని చాలామంది అనుభవం. అయితే మేత వేసిన క్షణంలో జరిగే గందరగోళంలో వేళ్లు, తోక కొసలు తెగుతాయి. ఇంట్లో బల్లికి తోక ఊడితే మళ్లీ వస్తుంది. ఉడుముకు రాదు, పోయిందంటే పోయినట్టే. ఒకే ఈతలోనే ఒకటి గబగబా పెరిగి మిగతావి దాన్ని చూసి బయటికి రాకపోవడం కూడా మామూలే, వారానికోసారి తూకం వేస్తే అది ముందే బయటపడుతుంది. కొమోడో పిల్లలైతే పెద్దవాటి పక్కన ఉంచే మాటే లేదు. అడవిలో అవి తొలి ఏళ్లు చెట్ల మీదే గడుపుతాయి, కింద ఉంటే సొంతవాళ్లే తినేస్తారు.

ఏడాదికి ఎన్ని ఈతలు?

అన్నీ కుదిరాక కొత్త సమస్య పుడుతుంది. ఏడాది పొడవునా ఒకే వేడి, చేతికందే తిండి ఉంటే ఆడ ఆకీ ఏడాదికి నాలుగైదు సార్లు కూడా గుడ్లు పెట్టగలదు. అడవిలో వానలు, కరువు కలిసి ఆ వేగానికి కళ్లెం వేస్తాయి. బోనులో కళ్లెం లేదు. పుట్టిన ఏడాదికే గుడ్లు పెట్టడం మొదలెట్టి, ఒక ఈత అలసట తీరకముందే ఇంకోటి మోసే ఆడవి తొందరగా క్షీణిస్తాయి. అందుకే కొందరు ఏడాదిలో కొన్ని నెలలు దీపాల సమయం, మేత తగ్గించి విరామం ఇస్తారు, లేదా మగదాన్ని విడదీస్తారు. మగను తీసేసినంత మాత్రాన గుడ్లు ఆగుతాయన్న హామీ లేదు, మేత తగ్గించడమే ఎక్కువ పనిచేస్తుంది.

కాగితం మీద ‘బోనులో పుట్టింది’

వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 1975 నుంచి అమలులో ఉంది. కొమోడో, బెంగాల్ ఉడుము, పసుపు ఉడుము, ఎడారి ఉడుము లాంటి కొన్ని వ్యాపారాన్ని దాదాపు నిషేధించే మొదటి అనుబంధంలో, మిగతా జాతులన్నీ అనుమతి పత్రంతో వ్యాపారం సాగే రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశాల సొంత చట్టాలు దీనికి అదనం. భారత్‌లో ఉండే ఉడుములు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కిందికి వస్తాయి, వాటిని పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరం.

అనుమతి పత్రం మీద ఒక అక్షరం ఉంటుంది. ‘డబ్ల్యూ’ అంటే అడవి నుంచి పట్టింది. ‘ఆర్’ అంటే అడవి నుంచి గుడ్లో పిల్లలో తెచ్చి అదుపులో పెంచింది. ‘ఎఫ్’ అంటే బోనులో పుట్టింది, కానీ పూర్తి నిబంధన తీరలేదు. ‘సి’ రావాలంటే తల్లిదండ్రులు కూడా బోనులోనే జత కలిసి ఉండాలి, ఆ మంద రెండో తరం దాకా పిల్లల్ని చేయగలదని తేలాలి. కొనేవాళ్లకు ఈ నాలుగూ ఒకేలా వినిపిస్తాయి, ‘బోనులో పుట్టింది’ అనే మాట కింద అన్నీ కలిసిపోతాయి. ఆర్ కిందికి వచ్చే సవన్నా పిల్ల తల్లి బోనులో గుడ్లు తయారుచేసి ఉండకపోవచ్చు, అడవిలో తయారైన గుడ్లతోనే పట్టుబడి ఉండొచ్చు.

ఈ తేడా జీవశాస్త్రం తెలిసినవాళ్లకు లెక్కల్లో కనిపిస్తుంది. చెట్టు ఉడుములు ఒక ఈతలో పెట్టేది నాలుగైదు గుడ్లే, అవి పొదగడానికి ఆరు నెలలదాకా పడుతుంది. 2001లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన, ఇండోనేసియాలోని బటంటా దీవి చుట్టుపక్కల మాత్రమే ఉండే నీలి చెట్టు ఉడుము ఇలాంటిదే. ఇలాంటి జాతి నుంచి ఒక చిన్న కేంద్రం ఏటా వందల పిల్లల్ని ‘సి’ అక్షరంతో పంపుతోందంటే, అందుకు ఎన్ని ఆడవి, ఎన్ని గూళ్లు, ఎంత మట్టి కావాలో కూడితే సందేహం దానంతట అదే వస్తుంది.

జూల పని ఇందుకు భిన్నం. 1992లో వాషింగ్టన్‌లోని జాతీయ జూలో ఇండోనేసియా బయట తొలిసారి కొమోడో పిల్లలు పుట్టాయి. ఆ తర్వాత చాలా జూలు ఏ ఆడదాన్ని ఏ మగతో కలపాలో వంశవృక్షం చూసి నిర్ణయిస్తున్నాయి, పిల్లలు ఎక్కువైతే పొదగడమే ఆపుతున్నాయి.

సవన్నా ఉడుము విషయంలో మార్పు రావాలంటే ముందు మారాల్సింది దిగుమతి పిల్లల ధర. డీఎన్ఏతో ఆడామగా తేల్చడం ఇప్పుడు సాధ్యమే, వేడి, మట్టి సంగతులు తెలిసినవాళ్లూ పెరిగారు, బోనులో వాటి చేత గుడ్లు పెట్టించిన కొద్దిమంది దారి చూపే ఉన్నారు. ఏటా ఇన్ని పంపొచ్చని పెట్టే ఎగుమతి కోటాలు బిగిస్తే ఆ కొద్దిమంది పిల్లలకు గిరాకీ పుడుతుంది, ఆకీ విషయంలో ఆస్ట్రేలియా నిషేధం చేసిన పని లాంటిదే జరగొచ్చు. కోటాలు ఇలాగే ఉంటే వేలెడు పిల్లలు అద్దాల తొట్టెల్లోకి వస్తూనే ఉంటాయి, వాటిలో చాలావరకు గుడ్లు పెట్టే వయసు దాకా బతకవు.